పన్నెండో అధికరణ

ప్రియమైన ప్రొఫెసర్ గారికి,

ప్రియమైన అన్నది మర్యాద కోసం. మురిసిపోకండి.

"ఐదింటికల్లా వచ్చి సంతకం పెడతా" అని నలభై మూడేళ్ళ కిందట మాటిచ్చారు. న్యాయశాస్త్రం, అంతర్జాతీయ అధ్యయనాలు కలిపి చదివే ఆ ఐదేళ్ళ డిగ్రీలో చివరి వ్యాసం ఇద్దరు కలిసి రాయాలి, ఆఫీసు కిటికీ దగ్గర ఇద్దరూ సంతకం చేయాలి. చట్టాల సగం మీది, ఒప్పందాల సగం నాది. పెన్ను మూత తీసి పట్టుకుని నిలబడ్డాను. ఐదు కాగానే గుమాస్తా కిటికీ మూసేశాడు, గడువు దాటిపోయింది. మరుసటి ఏడు మీరు ఇంకొకరితో రాసి గట్టెక్కారు. నేను చదువు మానేసి ఊళ్ళోవాళ్ళ దస్తావేజులు రాసుకున్నాను.

ఇప్పుడు నా మనవరాలు అదే డిగ్రీలో మిమ్మల్ని గైడుగా ఉండమందట. "తాతయ్య ఒప్పుకుంటేనే" అన్నారట మీరు. ఒప్పుకోను.

ఇట్లు,
కిటికీ దగ్గర మిగిలిపోయినవాడు

ప్రియమైన నడిచే లైబ్రరీకి,

నిన్ను "మీరు" అనడం నా వల్ల కాదు.

ఆ రోజు నేను వచ్చాను. మధ్యాహ్నం నీ సగాన్ని మూలంతో సరిచూశాను. శరణార్థుల హక్కంటూ నువ్వు వాదనంతా నిలబెట్టిన పన్నెండో అధికరణ ముసాయిదాలోది. తుది ఒప్పందంలో దాన్ని తీసేశారు. నువ్వు పుస్తకం చూడకుండా రాశావు. "గుర్తులేనివాళ్ళే పుస్తకం తెరుస్తారు, కళ్ళజోడూ" అని క్లాసులో అందరి ముందూ నన్ను వెక్కిరించావు కదా?

నాలుగింటికి ఆఫీసు వరండా చివర నిలబడ్డాను. గుమాస్తాకి అదే అధికరణ అప్పజెబుతున్నావు. తప్పని చెప్పకుండానే వెళ్ళిపోయాను. పిరికితనమే.

నీ మనవరాలు మాత్రం ప్రతి మాటకీ పుస్తకం తెరుస్తుంది. నీ పోలిక కాదు, బతికిపోయింది.

నీ
కళ్ళజోడు

ప్రియమైన కళ్ళజోడూ,

మూడు వారాలు నీ ఉత్తరం అబద్ధమనుకుని హాయిగా ఉన్నాను. నిన్న మనవరాలు ఆ ఒప్పందం ఉన్న సంపుటి మోసుకొచ్చింది.

"తాతయ్యా, పన్నెండులో రేవు దీపాల మరమ్మతు గురించి ఉంది. నీ శరణార్థులు ఏరీ?"

"నవ్వకు" అన్నాను. ఇంకా నవ్వింది.

తప్పు నాదే. రాసిస్తున్నాను, దాచుకో. కానీ కిటికీ మూయడానికి ఇంకా గంట ఉందిరా! "ఒరేయ్, తప్పు రాశావు" అని ఉంటే నిన్ను నానా తిట్లూ తిట్టి, లైబ్రరీకి పరిగెత్తి ఆ పేజీలు మార్చేవాణ్ణి. తప్పు చేసినవాడు దిద్దుకుంటాడు. మోసపోయానని నమ్మినవాడు ఏం దిద్దుకుంటాడు? పళ్ళు నూరుకుంటూ ముసలివాడయ్యాను.

మనవరాలికి గైడుగా ఉండు. తప్పు కనబడితే మొహం మీదే చెప్పు. ఏడిస్తే ఏడవనీ. వరండా చివర మాత్రం నిలబడకు.

ఇంత తెలిశాక కూడా నేను తప్పుపట్టేది నిన్నే, కళ్ళజోడూ.

లైబ్రరీ