మంగని నర్సమ్మ గారి దగ్గరకి తేవద్దు

తాడేపల్లిగూడెం,
శుక్రవారం.

అమ్మకీ నాన్నకీ మీ పెద్ద కూతురు సత్తెమ్మ దణ్ణాలు పెట్టి రాస్తున్న సంగతులు. ఇక్కడ నేనూ మీ అల్లుడూ బాగానే ఉన్నాం. నాన్నకి మోకాలి నొప్పి తగ్గిందనీ, చెల్లి మంగ వేళకి ఇంత తింటోందనీ, తమ్ముడు వెంకటేశు బడి ఎగ్గొట్టి పడవల మీద తిరగడం మానేశాడనీ అనుకుంటూ కలం పట్టుకున్నాను. ఆ ఆఖరిది నిజం కాదని నాకు తెలుసు.

అమ్మా, ముందు ఒక్క మాట. ఈ ఉత్తరం మంగ దగ్గర లేనప్పుడు వెంకటేశు చేతే చదివించుకో. టపా తెచ్చే ఆయన చదివి పెడతానంటే వద్దను. మంచివాడే పాపం, కానీ ఆయన చెవిన పడ్డ మాట సాయంత్రానికల్లా లంకలన్నీ తిరిగొస్తుంది. కార్డు ముక్క రాయకుండా కవరు అంటించింది అందుకే.

నీ కార్డు అందింది. మంగకి నెలలు నిండుతున్నాయనీ, వచ్చే వారం పడవెక్కించి గూడెం తీసుకొస్తామనీ, నర్సమ్మ గారి హస్తవాసి మంచిదని గూడెం సంతకొచ్చే ఉప్పుచేపల వాళ్ళందరూ చెప్పుకుంటున్నారనీ, ఆవిడ చేతే పురుడు పోయిస్తామనీ రాయించావు. తీసుకురావద్దు. ఎందుకో అంతా చెప్తాను, ముందు ఆ మాట గట్టిగా పట్టుకో. మంగని ఇక్కడికి తేవద్దు. తొలి కాన్పులో బిడ్డ దక్కక అది ఎలా అయిపోయిందో మనం కళ్ళారా చూశాం. గోడకేసి తిరిగి పడుకున్న పిల్ల, తిండి లేదు, మాట లేదు. మళ్ళీ అలాంటిది జరిగితే మనకి మంగ దక్కదమ్మా.

మా సంగతులంటావా, మీ అల్లుడికి రైసుమిల్లులో పని బాగానే ఉంది. ఊక దుమ్ముకి కాస్త దగ్గు. మిరియాల కషాయం కాచి ఇస్తున్నాను, నువ్వు బెంగ పెట్టుకోకు. వానలు పడి వీధంతా బురద. చుట్టూ ఇన్ని వరిచేలున్నా మన కొల్లేరులాగా కంటి నిండా నీళ్ళు కనపడవు. పొద్దున్నే లేవగానే కాళ్ళు పడవ దగ్గరకి వెళ్ళబోతాయి, తలుపు తీస్తే ఎదురుగా గోడ. చేప వండుకోవడం మాత్రం లేదు. మాకు గది అద్దెకిచ్చిన శెట్టి గారి భార్య మంచావిడే గానీ మట్టగిడస పులుసు వాసన తగిలిందంటే ఆ పూటంతా గుమ్మంలో పసుపు నీళ్ళు చల్లుకుంటూ కూర్చుంటుంది. ఒకసారి చేశాను, ఇంక చాలనుకున్నాను.

ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుంటే పిచ్చెక్కుతోందని వీధి చివర డాక్టరు గారి ఆసుపత్రిలో ఊడ్చి, నీళ్ళు పట్టే పనికి కుదిరానని మొన్న రాశాను కదా. డాక్టరు గారు అసలైన డాక్టరే, అందులో అనుమానం లేదు. అనుమానమల్లా ఆయన దగ్గర ఉండే నర్సమ్మ గారి మీదే.

ఆవిడకి నలభై ఏళ్ళుంటాయి. తెల్లచీర, తెల్లరవిక, నున్నగా దువ్వి వేసిన ముడి. నడిచొస్తుంటే బెంచీల మీద వాళ్ళంతా లేచి నిలబడతారు. "ఏవండీ నర్సమ్మ గారూ, మా వాడికి జ్వరం చూడండీ" అంటే, "ఆయ్, వస్తున్నానండీ" అంటుంది. ఆ గొంతులో మెత్తదనం చూసి నేనూ మొదట మురిసిపోయాను. అయితే ఆవిడ జ్వరం చూసే తీరు గమనించాను. గాజుపుల్ల నోట్లో పెడుతుంది, తీస్తుంది, వెలుతురుకి ఎత్తి పట్టుకుంటుంది, విదిలిస్తుంది. ఆ తరవాత ఏం చేస్తుందనుకున్నావు? నుదుటి మీద చెయ్యి వేసి చూసి అప్పుడు చెప్తుంది, జ్వరం ఉందనో లేదనో! ఆ మాత్రం నువ్వూ చెప్తావు కదమ్మా, నీకు గాజుపుల్ల ఎందుకు?

మీ చదువెక్కడండీ అని అడిగితే ఒకసారి గుంటూరంది, ఇంకోసారి మద్రాసంది. రెండు చోట్లా చదివిందేమోలే అన్నారు మీ అల్లుడు. "నీకు కూరలో కరివేపాకు మీద కూడా అనుమానమే సత్తెమ్మా" అని వేళాకోళం. నవ్వితే నవ్వుకోనీ. నాకు లోపల ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

ఇలా ఉండగా ఒక రోజు నల్లజర్ల నుంచి ఒక ముసలావిడ మనవరాలికి సెగ్గడ్డ లేచిందని తీసుకొచ్చింది. నర్సమ్మ గారు లోపల్నించి వచ్చింది. ఆ ముసలావిడ ఎగాదిగా చూసి, "ఓసి నరసమ్మా! నువ్విక్కడున్నావుటే!" అంది. బెంచీల మీద ఒక్కరు కూడా తల తిప్పలేదు. తిప్పడానికేముంది, నర్సమ్మ గారిని నర్సమ్మా అని పిలిచిందనుకున్నారు. నా చేతిలో చీపురు మాత్రం ఆగిపోయింది. నర్సుని పట్టుకుని ఓసి అని ఎవరంటారమ్మా? పైగా ఆవిడ అన్నది నర్సమ్మ కాదు, నరసమ్మ. మన పక్కింటి నరసమ్మత్త పేరు లాగా, అమ్మానాన్నా పెట్టిన పేరు! నర్సమ్మ గారి మొహం సున్నం కొట్టినట్టయింది. ముసలావిడ చెయ్యి పట్టుకుని గబగబా పెరట్లోకి తీసుకుపోయింది. ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు. తిరిగొచ్చాక ఆ ముసలావిడ కూడా "నర్సమ్మ గారూ" అనడం మొదలుపెట్టింది.

ఆ రోజు నుంచీ నా చెవులు అటే. గదిలో ఎవరూ లేనప్పుడు డాక్టరు గారు "నరసమ్మా, నీళ్ళు" అంటారు. నలుగురూ ఉంటే "నర్సమ్మ గారూ, ఒకసారి ఇలా రండి" అంటారు. అంటే ఆయనకి తెలీదంటావా? ఆవిడ ఉంటే ఆడవాళ్ళు ధైర్యంగా వస్తారు, ఆయనకి అదే కావాలి. ఒకరోజు పంపు దగ్గర ఉండబట్టలేక అడిగేశాను.

"మీ పేరేంటండీ?" అన్నాను.

"నరసమ్మే కదా, తెలీదా?" అని నవ్వేసింది. చూశావా, అబద్ధమైనా ఆడలేదు!

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను, నిదానంగా విను. ఈ వారంలోనే, డాక్టరు గారు మందుల కోసం ఏలూరు వెళ్ళిన మధ్యాహ్నం పెంటపాడు నుంచి ఎడ్లబండి వచ్చింది. మన మంగ ఈడు పిల్ల, నొప్పులు పడుతోంది. బిడ్డ అడ్డం తిరిగిందని ఊళ్ళో మంత్రసాని చేతులెత్తేసిందట. పిల్లని లోపల బల్ల మీద పడుకోబెట్టారు. నర్సమ్మ గారు నన్ను కూడా లోపలికి లాగి తలుపు వేసింది. బయట ఆ పిల్ల తల్లి తలుపుకి తల ఆనించి, "నర్సమ్మ గారూ, మీరే దిక్కండీ, మీ కాళ్ళు పట్టుకుంటానండీ" అని ఏడుస్తోంది.

నేను వేడినీళ్ళు తెచ్చి పెట్టాను. ఆవిడ చేతులు కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. తుడుచుకుని మళ్ళీ కడుక్కుంది. బల్ల దగ్గరకి మాత్రం రాదు. ఆ పిల్ల పళ్ళు బిగబట్టి ఆవిడకేసే చూస్తోంది. "చూడండి మరి" అన్నాను. అప్పుడు నా చెవి దగ్గరకొచ్చి అందమ్మా, "ఏం చూడనే సత్తెమ్మా? నాకేం తెలుసే?"

"ఆ మాటే బయటికెళ్ళి చెప్పండి" అన్నాను. తల అడ్డంగా ఊపింది. అలాగే నిలబడింది. ఎంతసేపు నిలబడిందో చెప్పలేను. నాకు మాత్రం ఆ బల్ల మీద మంగే కనపడింది. ఇంక ఆగలేక నేనే తలుపు తీసి, "ఇక్కడ కాదండీ, డాక్టరు గారు కూడా లేరు, వెంటనే ఏలూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి" అని అరిచాను. నా వెనక నుంచి ఆవిడ గొంతు వినపడింది. వణుకు లేదు, తడబాటు లేదు. "అవునండీ, ఇది పెద్ద కేసు. నేను చూశాను. ఏలూరే వెళ్ళాలి" అంది. నేను చూశానట! నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ముందు ఆ పిల్లని బండెక్కించాలి కదా, నోరు మూసుకున్నాను.

బండి వెళ్ళాక ఆవిడ పెరట్లో కూలబడి ఏడ్చింది. మొగుడు వదిలేస్తే పొట్ట చేతపట్టుకుని ఈ ఊరొచ్చిందట. నేను చేసే ఊడ్చే పనిలోనే కుదిరిందట. డాక్టరు గారు "నరసమ్మా" అని కేకేస్తే బెంచీ మీద ఒక రైతు నర్సమ్మ అనుకుని లేచి దణ్ణం పెట్టాడట. "పుట్టి బుద్ధెరిగాక నాకు దణ్ణం పెట్టినవాళ్ళు లేరే సత్తెమ్మా. కాదు బాబూ అనడానికి నోరు రాలేదు" అంది. ఆ తరవాత డాక్టరు గారే తెల్లచీర కొనిచ్చారట. కళ్ళు తుడుచుకుని, "మీ చెల్లిని తెస్తారంటున్నావు కదా, నా దగ్గరకి తేకండి" అంది. ఆ మాటకి నాకు జాలేసింది, దాచుకోవడమెందుకు. జాలిపడితే పడ్డాను గానీ, మంగని ఆ చేతుల్లో పెడతానా?

పైగా ఆ ఏడుపు ఎంతవరకు నిలిచింది? మర్నాడు పొద్దున్నకి మళ్ళీ తెల్లచీర, మళ్ళీ గాజుపుల్ల. ఎవరో "నర్సమ్మ గారూ" అంటే "ఆయ్, వస్తున్నానండీ" అనే మెత్తటి గొంతు. నేను ఎదురుపడితే కళ్ళు దించుకుంటుంది, అంతే.

నిన్న పెంటపాడావిడ అరటిపళ్ళ గెల మోయించుకొచ్చింది. ఏలూరులో కోసి పిల్లని బతికించారట. బిడ్డ మాత్రం దక్కలేదు, ఇంకాస్త ముందు తీసుకొస్తే దక్కేదని అక్కడి డాక్టరమ్మ అందట. ఆ ముందు ఎక్కడ పోయిందో నాకు తెలుసు కదమ్మా. ఈ గదిలో, చేతులు కడుక్కోవడంలో పోయింది. ఆ తల్లి మాత్రం నర్సమ్మ గారి కాళ్ళకి దణ్ణం పెట్టి, "మీరు చూసి పంపబట్టి నా పిల్ల నాకు దక్కిందండీ" అంది. ఆవిడ వద్దనలేదు. డాక్టరు గారు కూడా బెంచీల మీద అందరూ వినేట్టు "మా నర్సమ్మ గారు అంతటివారు" అన్నారు. నేను నోరు తెరవబోతే నాకేసి ఒక చూపు చూశారు. ఈ పనిలో ఇంకెన్నాళ్ళు ఉంటానో తెలీదు. ఉండాలని కూడా లేదు.

ఇక ఈ కథ ఉప్పుచేపల వాళ్ళ బుట్టలతో పాటే మీ దాకా వస్తుంది. నర్సమ్మ గారు ప్రాణం పోసిందని ఊరంతా చెప్తారు. ఎవరు ఎంత చెప్పినా నమ్మకు. ఆ గదిలో ఉన్నది నేను.

మంగని ఏలూరు వైపు వెళ్ళే పడవే ఎక్కించండి. పెద్దాసుపత్రిలో కోసేస్తారని భయపడకు, కోసినా బతికించడానికే కోస్తారు. మీ అల్లుడితో మాట్లాడాను. ఈసారి వేళాకోళం చెయ్యలేదు, "నువ్వు ముందే వెళ్ళి కనుక్కో" అన్నారు. సోమవారానికల్లా నేను ఏలూరులో ఉంటాను. పురుడయ్యేదాకా దాని మంచం దగ్గరనుంచి కదలను. నీ పాతచీరలు మెత్తనివి రెండు ఉతికి తీసుకురా, పుట్టబోయే బిడ్డకి పక్కగుడ్డలుగా పనికొస్తాయి. అక్కడ తెల్లచీర కట్టుకుని ఎవరు దగ్గరకొచ్చినా సరే, మీ పేరు కాదండీ, మీ పని ఏంటండీ అని అడుగు. మొహమాటపడకు. నేనూ అడుగుతాను.

నాన్నకి నమస్కారాలు. నాయనమ్మ కాళ్ళకి నా బదులు నువ్వు దణ్ణం పెట్టు. పెద్దింట్లమ్మ తల్లికి మంగ పేరు చెప్పి దీపం పెట్టు. మమ్మల్ని మీ మనసులో దీవిస్తూ ఉండండి.

మళ్ళీ చెప్తున్నాను, ఈ ఉత్తరంలో మాట ఒక్కటి కూడా మంగ చెవిన పడకుండా చూడు. పెంటపాడు పిల్ల మాట దానికి అసలు తెలియనివ్వకు. అక్క ఏలూరులో ఎదురుచూస్తోందట అని మాత్రం చెప్పు.

మీ బిడ్డ
సత్తెమ్మ