నీ చెప్పుల గుట్టు

మూడేళ్లు నీ మడమ తెగిన చెప్పులను నేను ఎగతాళి చేస్తుంటే, కారణం చెప్పకుండా నవ్వి ఊరుకున్నావు. అది నువ్వు చేసిన తప్పు, ఓబులన్నా.

నువ్వు పోయి నేటికి ఏడాది. పామిడి నుంచి అనంతపురానికి మనం పనికి పోయే ప్యాసింజర్ రైల్లో, ఈ పొద్దున మన కిటికీ షట్టర్ సందులోంచి నలిగిన నీలం రబ్బరు ముక్క జారిపడింది. నీ చెప్పు మడమే. వెంటనే ఇనుప షట్టర్ టపటపా కొట్టుకుంది. ఎదురుగా తల్లి ఒడిలో నిద్రపోతున్న పసిబిడ్డ ఉలిక్కిపడి ఏడ్చింది.

మూడేళ్లు ఆ కిటికీకే తల ఆనించి నేనెట్లా నిద్రపోయానో అప్పుడు తెలిసింది. ఒళ్లు మండింది, నీ మీదే. పనిముట్ల సంచిలోని కత్తి తీసి నా చెప్పు మడమ కోసి సందులో దూర్చాను. మోత ఆగింది. బిడ్డ మళ్లీ కళ్లు మూసుకుంది.

రోజూ మనతో వచ్చే పూలమ్మే అవ్వ పకపకా నవ్వింది. "ఏమప్పా, ఆ ఓబులేసు రోగం నీకూ అంటుకునిండాదే!"

అంటే ఆమెకూ తెలుసు!

అనంతపురంలో దిగితే ఎండకు కాగిన నేల తగిలి మడమ కాలింది. అయినా రోజంతా కులాసాగా పనిచేశాను.

ఈ ముక్క ఎన్నాళ్లు నిలుస్తుంది? రెండో చెప్పు ఎప్పుడు కోయాలి? ఈసారి నవ్వితే ఒప్పుకోను. రేపు ఆదివారం, పని లేదు; సోమవారం బండి పామిడిలో కదిలేలోపు జవాబు చెప్పు.