నోరు పెట్టని పిపెట్

విమలక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈరోజే మన ల్యాబ్ నడిపే సారుతో కొట్లాడాను. నీకు కాక ఇంకెవరికి చెప్పను?

చిక్కడపల్లిలో ఉండే శైలజ ఈమధ్యే పనిలో చేరింది. పొద్దున కామెర్ల పేషెంటు రక్తం నుంచి తీసిన సీరం కొలవడానికి గాజు పిపెట్ నోట్లో పెట్టుకుంది. స్ట్రాతో కూల్‌డ్రింకు తాగినట్టు పీల్చి గీత దగ్గర ఆపడం సారే నేర్పాడు. నాకు నువ్వు నేర్పినట్టే. నేను ఆ పిపెట్ లాక్కున్నాను.

"ఇన్నేండ్ల సంది నోటితోనే పీలుస్తున్నం. మాకేమైంది?" అన్నాడు సారు.

"మీకేం కాలే సార్. విమలక్కకు అయింది. ఆమె రక్తంల హెపటైటిస్ బి ఉన్నదని పరీక్ష చేసింది నేనే."

"అది గీడనే అంటిందని రుజువేంది?"

"రుజువు లేదు. అయినా ఇగ ఈడ ఎవ్వరూ నోరు పెట్టరు. పెట్టాల్నంటే ముందుగాల మీరే పెట్టుండ్రి."

సీరం ట్యూబు ఆయన ముందుకు జరిపాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

మధ్యాహ్నం నారాయణగూడలో, నోటికి బదులు నొక్కి వదిలితే పీల్చే రబ్బరు బల్బులు కొనుక్కొచ్చి పిపెట్లన్నిటికీ తొడిగాను. పని ఆలస్యమవుతుందని సారు సణుగుతూనే ఉన్నాడు. సణగనీ.

సీరం నోట్లోకి వచ్చినప్పుడల్లా నువ్వు కుళాయి దగ్గర పుక్కిలించి, "జర ఉప్పగుంటదే, అంతే" అని నవ్వేదానివి. శైలజకు ఆ ఉప్పదనం తెలియదు అక్కా. నేనుండగా తెలియనివ్వను.