పదో సారీ

జనవరి 12, సోమవారం. ఉదయం 7:15
ఈ రోజు నుంచి సారీ అనను!

నా నిర్ణయం అని రాసుకుంటున్నాను గానీ, నిజానికి ఇది వెర్నాది. వెర్నా మా కర్లింగ్ జట్టు కెప్టెన్. మంచు మీద బరువైన రాయిని జార్చి వలయంలో ఆపే ఆట మాది. నలభై ఏళ్ళ స్నేహం. ఆ నలభై ఏళ్ళూ నా మీద అరుస్తూనే ఉంది. నిన్న మంచు మీద నేను జారవిడిచిన రాయి సరిగ్గా వలయం మధ్యలో ఆగింది. నేను సారీ అన్నాను.

"బాగా వేసినందుక్కూడా సారీ ఏంటే నెట్టీ! ఫిబ్రవరి పద్నాలుగున కప్పు పోటీ. అప్పటిదాకా నీకు తొమ్మిది సారీలు. పదోది నోట్లోంచి ఊడిందో, నీ చోటు మేవిస్‌కి" అంది.

క్లబ్బు గోడకు పలక తగిలించింది. సారీకో గీత, నేనే గీసుకోవాలట. మా ఆటలో అంతే, తప్పు చేసినవాళ్ళే చెయ్యెత్తి ఒప్పుకోవాలి. ఎవరూ చూడకపోయినా సరే.

మేవిస్‌కు అరవై ఒకటి. మోకాళ్ళు రెండూ సొంతవి. నాకు డెబ్భై నాలుగు, ఒకటే సొంతం. జట్టులోంచి తీసేస్తే చలికాలమంతా నేను మాట్లాడటానికి మిగిలేది నా భర్త వాల్టర్. వాల్టర్ మాట్లాడడు.

9:40
రెండున్నర గంటలైంది. ఒక్క సారీ కూడా లేదు! ఇంత తేలికా! (వాల్టర్ ఇంకా లేవలేదు.)

జనవరి 13, మంగళవారం
కొట్లో ఎవరో పెద్దమనిషి తోపుడుబండి నా కాలి మీద ఎక్కించాడు. "సారీ" అన్నాను. నేను! కాలూ నాదే, సారీ కూడా నాదే.

గీత ఒకటి.

బొటనవేలు నల్లబడింది. విరిగిందేమో. విరిగితే ఆటలో చీపురుతో మంచు రుద్దుతూ రాయి ముందు ఎలా పరుగెత్తను? మేవిస్ వేళ్ళు ఎలా ఉంటాయో.

జనవరి 15, గురువారం
శత్రువు ఎవరో ముందు తెలుసుకోవాలి కదా. నేను చదివింది ఆరో తరగతి. మా ఇంట్లో నిఘంటువు గాలికి తలుపు కొట్టుకోకుండా ఆపడానికి పనికొస్తుంది. వాల్టర్ దాన్ని దుమ్ము దులిపి చదివాడు. సారీకి మూడే అర్థాలట: క్షమించమనడం, బాధపడటం, దీనావస్థ.

పాపం, దాన్ని రాసినాయన కెనడాలో మా సస్కాచెవాన్‌కు ఎప్పుడూ వచ్చి ఉండడు. మా ఊళ్ళో నాకు తెలిసినవి:
తప్పు నాది.
తప్పు నీది, నేను మర్యాదస్తురాలిని.
పక్కకు జరుగు.
ఏమన్నావ్? వినపడలేదు.
మీ ఆయన పోయాడని తెలిసింది.
కుదరదు, ఇంకోసారి అడక్కు.
వాల్టర్ ట్రక్కు మళ్ళీ మీ దారికి అడ్డంగా ఉంది.

ఇంకా ఉన్నాయి, కాగితం అయిపోయింది.

"ఇన్ని పనులకు ఒక్క మాటేనా? దానికి జీతం పెంచాలి" అన్నాడు వాల్టర్. ఈ నెలలో అతను మాట్లాడిన పెద్ద వాక్యం ఇదే.

జనవరి 19, సోమవారం
బదులు మాటలు వాడి చూశాను.

"పార్డన్" అన్నాను మందుల కొట్లో, పక్కకు జరగమని. మందులిచ్చే అమ్మాయి, వినపడక మళ్ళీ అడిగానని, నాకు చెవుడనుకుని నా మలబద్ధకం మందు పేరు కొట్టంతా వినేలా అరిచింది.

"చింతిస్తున్నాను" అన్నాను ఫోన్లో డొరీన్‌తో. డొరీన్ మా జట్టే. "ఏమైంది? ఎవరు పోయారు?" అని ఏడుపు అందుకుంది. సముదాయించడానికి మూడు సారీలు పట్టాయి.

గీతలు నాలుగు.

జనవరి 24, శనివారం
మా ఊరి పీటర్ అంత్యక్రియలు. చర్చి హాల్లో అందరూ వరుసగా వెళ్ళి ఆయన భార్య చెయ్యి పట్టుకుని సారీ అంటున్నారు. నా ముందు ఏడుగురు. ఏమనాలి? ఏమీ అనకపోతే రాయిలా నిలబడిందంటారు. నా వంతు వచ్చింది.

"శాండ్‌విచ్‌లు బావున్నాయి" అన్నాను.

ఆవిడ నా వైపు చూసింది. "సారీ" అన్నాను. తర్వాత ఆ సారీకి సారీ చెప్పాను.

ఆరు.

ఫిబ్రవరి 3, మంగళవారం
కొన్ని సవరణలు చేసుకున్నాను:
పిల్లితో అన్నది లెక్క కాదు.
తుమ్ముతూ అంటే సగం.
వాల్టర్‌కు వినపడకపోతే అననట్టే.

సాయంత్రం 6:20. మనసొప్పలేదు. ట్రక్కు తీయించుకుని క్లబ్బుకు వెళ్ళి, దాచిన మూడు గీతలూ గీసి వచ్చాను. తొమ్మిది. పలక ముందు నిలబడి వెర్నా కాఫీ తాగుతోంది.

"ఇంకొక్కటే సుమా. మేవిస్‌ని జట్టు చొక్కా కొలతలు అడగనా?"

తల అడ్డంగా ఊపాను. నోరు తెరిస్తే అదే వస్తుందని భయం.

ఫిబ్రవరి 13, శుక్రవారం
పది రోజులుగా ఎవరితోనూ మాట్లాడలేదు. గీత కూడా పడలేదు! వాల్టర్ నేనేదో కోపంగా ఉన్నాననుకుని గిన్నెలు కడుగుతున్నాడు. కాదని చెప్పదలచుకోలేదు.

ఫిబ్రవరి 14, శనివారం. సాయంత్రం 5:30
రాయడానికి చెయ్యి రావడం లేదు.

చివరి ఆట. రెండు జట్లూ సమానం. డొరీన్ రాయి వదిలింది. నేను ముందు పరుగెడుతూ చీపురుతో మంచు రుద్దుతున్నాను. పరుగు అంటే నా పరుగు. రాయి చక్కగా వెళ్తోంది, కప్పు మాదే. అప్పుడు నా చీపురు దానికి తగిలింది. ఈగ వాలినంత. చీపురు తగిలితే ఆ రాయి చెల్లదు. ఎవరూ చూడలేదు. వెర్నా కూడా చూడలేదు.

చెయ్యెత్తాను. "తగిలింది. నా చీపురే" అన్నాను. అక్కడితో ఆగొచ్చు. నియమానికి అదే చాలు. కానీ నోరు ఊరుకుంటుందా?

"సారీ."

రాయి తీసేశారు. వెర్నా నన్ను చూసింది. పది వేళ్ళూ చూపించింది.

చివరికి మిగిలింది వెర్నా ఆఖరి రాయి. అది పడితే గెలుపు. వదిలింది. జానెడు పక్కకు పోయింది. కప్పూ పోయింది. మంచు ఆ చివర నుంచి వెర్నా గొంతు, హాలు అదిరేట్టు:

"సారీ!"

అందరూ విన్నారు. నేను ఒక వేలు చూపించాను.

ఫిబ్రవరి 15, ఆదివారం. ఉదయం 8:05
రాత్రంతా మేవిస్ నా చొక్కా వేసుకున్నట్టే కనిపించింది. ఇప్పుడే వెర్నా ఫోన్.

"మేవిస్‌ని అడిగాను. ఏమందో తెలుసా? 'సారీ, నాకు కుదరదు' అంది. ఆవిడదీ అదే రోగం."

"మరి నేను?"

"నువ్వే. ఎవరూ చూడనిది చెప్పే మనిషిని ఎక్కడ వెతకను? పైగా అలాంటిదాన్ని పెట్టుకుంటే జన్మలో కప్పు రాదు, ఆ బెంగ కూడా ఉండదు. పలక తుడిచేశాను. ఈసారి రెండు వరుసలు, నీకొకటి, నాకొకటి. వస్తున్నా, కాఫీ పెట్టు."

సరే! ఈ రోజు నుంచి సారీ అనను. ఈసారి గట్టిగా. ఇద్దరం ఉన్నాం కదా.

8:30
తలుపు తీయబోయాను, వెర్నా అటునుంచి తోసింది. ఇద్దరి తలలూ ఢీకొన్నాయి.

ఆవిడకో గీత. నాకొకటి.