సెగ చూసిన సీతాఫలం

అత్తా, ఎట్లా ఉన్నావు? నువ్వు పోయి నిన్నటికి ఏడాది. మళ్ళీ సీతాఫలాల కాలం... పూతలపట్టు రోడ్డు పొడవునా గంపలే.

సంవత్సరీకానికి నీ కూతురు తిరుపతి నుంచి దిగింది. ఉత్త చేతులతో కాదు, కేకుతో! ఓవెన్ కొన్నప్పటి నుంచి నా ఆడబిడ్డ హడావిడి నువ్వు చూడాలి. ఆరోగ్యమట, చిరుధాన్యాలట, అమ్మ చేతి రుచట. నువ్వుండగా నీ రాగిరొట్టెను పశువుల దాణా అన్నది ఈ మహాతల్లే కదా? ఇప్పుడు దానికి రిబ్బను కట్టి ఫోటోలు తీస్తోంది.

భోజనాలు ముగిసే వేళకు అందరి ఆకుల్లో తలా ఒక ముక్క వేసింది. రాగిపిండి, బెల్లం, పచ్చి చెనిక్కాయ పప్పులు, సీతాఫలం గుజ్జు... అన్నీ కలిపి కాల్చేసిందత్తా! నువ్వు మూత మీద నిప్పులు పేర్చి రొట్టె కాల్చి, అది బాగా చల్లారాకే గుజ్జు పూసేదానివి. "సీతాపలానికి సెగ సూపిస్తే సేదైపోతాది మే" అని ఎన్నిసార్లు అన్నావు!

అదే అయింది. వేపాకు నమిలినట్టే ఉంది. మీ తమ్ముడు కళ్ళు మూసుకుని ఆహా అన్నాడు, మిగతా ముక్క ఆకు కింద దాచాడు. ఆయన పెళ్ళాం అచ్చం వదిన చేతి రుచే అంది. నీ రొట్టె తిన్న నాలుకలేనా అవి? సిగ్గులేని జనం.

నేను మంచినీళ్ళు తాగుతూ కూర్చున్నాను. లోపల మాత్రం పండగ.

ఎందుకంటే... ముందురోజు నీ కూతురు ఫోన్ చేసి, గుజ్జు అమ్మ ఎప్పుడు వేసేదని నన్ను అడిగింది. గుర్తులేదన్నాను. నీ పక్కన కూర్చుని పదహారేళ్ళు గింజలు తీసినదాన్ని, నాకు గుర్తులేదట!

అందరూ వెళ్ళాక వంటింట్లోకి పోతే, మిగిలిన కేకు తను ఒక్కతే తింటోంది. అమ్మ పేరు చెప్పి చేసింది పారేయలేకపోతున్నానంది. ఒక్కనాడైనా అమ్మ పొయ్యి దగ్గర కూర్చోలేదని ఏడ్చింది. పొద్దుటి నుంచీ అందరినీ ఈసడించుకున్నాను గానీ, మనింట్లో అందరికన్నా అల్పురాలు ఎవరో నీకు వేరే చెప్పాలా?

ఆదివారం ఉండి పొమ్మన్నాను. నీ నిప్పుల మూత తోమి పెట్టాను. గుజ్జు సంగతీ, నా అబద్ధం సంగతీ రెండూ చెబుతాను. ఆ ఓవెన్‌ను మాత్రం నాలుగు మాటలు అంటాను, అంతవరకు నన్ను ఆపొద్దు.

నీ కోడలు