కుడిచేతి పాట

బుజ్జమ్మా, బామ్మకి అరవై ఒక్క మెట్ల కీబోర్డు చాలన్నావు. చాలదు. నా ఎడమచేతికి మంద్రం కావాలి, ఎనభై ఎనిమిది మెట్లదే కొన్నాను. స్టీరియో మైకు దుప్పట్ల అల్మరా పక్కన పెట్టాక గది మోగడం మానేసింది.

మొదటి రికార్డింగు హెడ్‌ఫోన్స్‌లో వినిపిస్తే మీ తాతయ్య, "కుడిచేతికి సెలవిచ్చావేమిటోయ్?" అన్నారు. ఒళ్లు మండి హెడ్‌ఫోన్స్ కుడిఎడమలు మార్చి తగిలించాను. "ఇప్పుడు ఎడమచేతికా?" అన్నారు. ఇందులో ఏ చేతి స్వరాలు ఆ పక్క చెవికే ఎక్కువ వినిపిస్తాయి. అంటే మనిషికి కుడిచెవి వినిపించడం లేదు. ఇన్నాళ్లూ తల ఊపుతూ నెట్టుకొచ్చారు, గడుసుపిండం! నా పాట ఆయన రెండు చెవులా వినాల్సిందే.

నీకు దీవెనలు. శనివారం వస్తాం, చెవి డాక్టరు దగ్గర టైము తీసుకో. తాతయ్యతో మాత్రం నాకోసమని చెప్పు, తనకని తెలిస్తే గుమ్మం దాటరు.