మందు కొలత చూసుకుంటే తప్పేముంది

గురజాల

అమ్మా ప్రసన్నా, మీ నాయనమ్మకు నొప్పి తగ్గింది, దిగులుపడకు.

మందుల కొలతలకు జేబులో పట్టే పుస్తకం కొనాలా, ఫోనులో పెట్టుకోవాలా అని అడిగావు. రోగి ముందు ఏది తీసినా చదువు రాదనుకుంటారని నీ భయం. నాకు తెలియక జవాబు రాయలేదు. మొన్న మిరప కల్లంలో మీ నాయనమ్మను తేలు కుట్టింది. ఆసుపత్రిలో నీ ఈడు డాక్టరమ్మ, తేలు కుట్టిన చెయ్యి చూసి ఫోను తీసింది. నాకే కోపం వచ్చింది. మీ నాయనమ్మ ఊరుకుంటుందా?

"ఏందమ్మా, నేను చస్తంటే ఫోను చూసుకుంటన్నావు?"

"నీ మందు కొలతే చూస్తన్నా పెద్దమ్మా. బరువెంత ఉంటావు?"

"మిరపకాయల కాటా మీద నలభై ఆరు తూగా. బస్తా కన్నా ఒక్క కిలోనే ఎక్కువని ఈయన ఒకటే నవ్వు."

డాక్టరమ్మ కూడా నవ్వి, ఫోను మాకు చూపించి మందిచ్చింది. ఇప్పుడు మీ నాయనమ్మ వాడంతా తిరిగి ఆమెనే మెచ్చుకుంటోంది.

నువ్వూ ఫోనులోదే తీసుకో. కొత్త మందుల వివరాలు అందులో ముందుగా వస్తాయట. ఏం చూస్తున్నావో రోగికి ఒక్క మాట చెప్పు, చాలు.

గోంగూర పచ్చడి అయిపోయిందా? శనివారం మీ బాబాయి వస్తాడు, ఖాళీ సీసా ఇచ్చి పంపు. వేళకు తిను.

చూసి ఇచ్చినంత మాత్రాన హస్తవాసి తగ్గదు తల్లీ.

దీవెనలతో,
నీ తాతయ్య నరసయ్య